పాత జీరో టర్న్ మోవర్: కొనేటప్పుడు చూడవలసినవి, కొన్నాక చేయవలసినవి

స్టీరింగుకు బదులు రెండు లీవర్లతో నడుస్తూ, ఉన్నచోటనే గిర్రున తిరగగలిగే గడ్డి కోత యంత్రం జీరో టర్న్ మోవర్. వెనుక చక్రాలు రెండింటికీ విడివిడిగా హైడ్రోస్టాటిక్ డ్రైవులు, అంటే పంపు తోసే ఆయిల్ ఒత్తిడితో చక్రాన్ని తిప్పే ఏర్పాట్లు, ఉంటాయి. కుడి లీవర్ కుడి చక్రాన్ని, ఎడమ లీవర్ ఎడమ చక్రాన్ని నడుపుతుంది. ఒకదాన్ని ముందుకు, రెండోదాన్ని వెనక్కు కదిపితే యంత్రం తన చుట్టూ తానే తిరుగుతుంది. ముందున్న చిన్న చక్రాలకు సొంత పని ఏమీ లేదు, వెనుక చక్రాలు ఎటు తిప్పితే అవి అటు పోతాయి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు ఈ ఏర్పాటును ముందుగా మనసులో పెట్టుకోవాలి, ఎందుకంటే పాత యంత్రం విలువ అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. బెల్టులు, బ్లేడ్లు, బ్యాటరీ ఎలాగూ అరిగి మార్చవలసినవే, ఇంజిన్ పోయినా మరొకటి బిగించుకోవచ్చు. కానీ రెండు డ్రైవులూ అరిగిపోయి ఉన్నా, బ్లేడ్లను పైనుంచి కప్పే డెక్ పెంకు చీలి ఉన్నా మరమ్మతు ఖర్చు యంత్రం ధరకు దగ్గరగా పోతుంది. కాబట్టి ఇంజిన్‌ను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, డ్రైవులను బాగా వేడెక్కిన తరువాత పరీక్షించాలి. చాలామంది దీనికి సరిగ్గా తలకిందులుగా చేస్తారు: అమ్మేవారు ముందే స్టార్ట్ చేసి ఉంచిన ఇంజిన్ చప్పుడు విని, రెండు నిమిషాలు అటూ ఇటూ నడిపి, బేరం ముగిస్తారు.

ఏ తరగతి యంత్రం కావాలి

ఇళ్ల కోసం తయారైన మోవర్లకు, రోజంతా కోత పని చేసేవారి కోసం తయారైన మోవర్లకు తేడా రంగులోనూ సీటులోనూ కాక కింది భాగాల్లో ఉంటుంది. ఇళ్ల రకాల్లో చాలావాటి డ్రైవులకు ఆయిల్ తీసే ప్లగ్గు గానీ మార్చే ఫిల్టర్ గానీ ఉండవు; అవి అరిగేదాకా వాడి తీసివేయవలసినవే. పై తరగతి డ్రైవులకు బయటి నుంచి మార్చుకోగల ఫిల్టర్ ఉంటుంది. యంత్రం వెనుక వంగి చూస్తే ఈ తేడా కంటికి కనిపిస్తుంది, కనుక ప్రకటనలో ఏమి రాశారన్నదానికన్నా దీనికే ఎక్కువ విలువ ఇవ్వాలి. డెక్ కూడా అంతే. అచ్చులో ఒత్తిన పలుచని రేకు డెక్ చదునైన పచ్చికకు సరిపోతుంది. రాళ్లు, వేర్లు ఉన్న నేలకు మందపు పలకలను వెల్డింగ్ చేసి కట్టిన డెక్ కావాలి. రేకు మందాన్ని గేజ్‌లో చెబుతారు, గేజ్ సంఖ్య తగ్గినకొద్దీ మందం పెరుగుతుంది: 10 గేజ్ అంటే సుమారు 3.4 మిల్లీమీటర్లు, 7 గేజ్ అంటే సుమారు 4.5 మిల్లీమీటర్లు.

డెక్ వెడల్పు సాధారణంగా 42 అంగుళాల నుంచి 60, 72 అంగుళాల దాకా దొరుకుతుంది. గడ్డిని బయటికి చిమ్మే మూతి పక్కకు పొడుచుకుని ఉంటుంది కనుక యంత్రం మొత్తం వెడల్పు డెక్ వెడల్పు కంటే ఎక్కువ ఉంటుందని గుర్తుంచుకుని, గేటును టేపుతో కొలిచిన తరువాతే వెతకడం మొదలుపెట్టాలి. నేల ఏటవాలుగా ఉంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. 15 డిగ్రీలకు మించిన వాలుపై ఈ యంత్రాలను నడపవద్దని చాలామంది తయారీదారులు హెచ్చరిస్తారు. వెనుక చక్రాలు పట్టు తప్పి జారితే తిప్పడానికి వేరే స్టీరింగు గానీ ఆపడానికి వేరే బ్రేకు గానీ చేతిలో ఉండవు.

చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి

తాను వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని అమ్మేవారికి ముందే చెప్పి వెళ్లాలి. వెళ్లగానే చేయి ఇంజిన్ దగ్గర పెట్టి చూడాలి. అప్పటికే వేడిగా ఉంటే, చల్లని ఇంజిన్ స్టార్ట్ కావడానికి ఎందుకో మొరాయిస్తోందని అనుమానించవలసిందే. తరువాత ఆయిల్ కొలపుల్ల తీసి వాసన చూడాలి. మట్టం గీత దాటి ఉండి, పెట్రోలు వాసన వస్తుంటే కార్బురేటర్‌లోని సూది వాల్వు మూసుకోక పెట్రోలు ఇంజిన్ ఆయిల్ ఉండే క్రాంక్‌కేసులోకి దిగుతోందని అర్థం. అలాంటి ఇంజిన్‌ను ఆయిల్ మార్చకుండా అసలు స్టార్ట్ చేయరాదు. స్టార్ట్ అయిన మొదటి క్షణాల్లో కాస్త నీలి పొగ వచ్చి ఆగిపోతే దాన్ని పట్టించుకోనక్కరలేదు; ఆగకుండా వస్తూ ఉంటే మాత్రం లోపల ఆయిల్ కాలుతున్నట్టే. రెండు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక సిలిండర్ పనిచేయకపోయినా ఖాళీగా నడిచేటప్పుడు అంతగా తెలియదు, బ్లేడ్లు తిప్పగానే ఇంజిన్ కుంగిపోతుంది. అందుకే బ్లేడ్లు తిరిగేలా చేసి, వీలైతే ఎత్తైన గడ్డి కోసి, చప్పుడు వినాలి.

ఎన్ని గంటలు నడిచిందో చూపే అవర్ మీటర్‌ను నమ్మవచ్చు గానీ, దానినొక్కదాన్నే నమ్మకూడదు. వారానికి గంటన్నర చొప్పున సంవత్సరంలో 30 వారాలు కోసేవారి యంత్రం ఏడాదికి 45 గంటలు తిరుగుతుంది. ఆ లెక్కన ఐదేళ్ల యంత్రం మీద 200కు పైగా గంటలు ఉండడం సహజం, 60 గంటలే ఉంటే కారణం అడగాలి. మీటర్ వైరు ఊడదీయడం పెద్ద కష్టమేమీ కాదు. కాళ్లు పెట్టే పలక మీద రంగు పోయి లోహం మెరుస్తోందా, లీవర్ల పిడులు నున్నగా అరిగాయా, ముందు చక్రాలను పట్టుకుని ఊపితే గలగలలాడుతున్నాయా అన్నవి మీటర్ చెప్పిన మాటకు సాక్ష్యం ఇవ్వాలి. కొత్తగా రంగు వేసిన పాత డెక్ కనిపిస్తే ఇంకా జాగ్రత్తపడాలి: పైన పటారం, లోన లొటారం అన్నట్టు, ఆ రంగు కింద వెల్డింగ్ అతుకులు ఉండవచ్చు.

డెక్‌ను పైనుంచి చూసి తృప్తిపడకూడదు. ఇంజిన్ ఆపి, తాళం తీసి, స్పార్క్ ప్లగ్ వైర్లు రెండూ పీకి, ముందు భాగాన్ని ఎత్తి స్టాండ్ల మీద నిలపాలి; ఒట్టి జాకీని నమ్మి కింద చేయి పెట్టరాదు. మందపు చేతి తొడుగులు వేసుకుని ఒక్కొక్క బ్లేడు కొసను పట్టుకుని కిందికీ పైకీ ఊపాలి. బాగున్న స్పిండిల్ (బ్లేడును మోస్తూ తిప్పే ఇరుసు) కదలదు, లేదా కదిలీ కదలనట్టు ఉంటుంది. బేరింగ్ పోయినదైతే ‘టక్ టక్’ మని దెబ్బ వేళ్లకు తెలుస్తుంది, బ్లేడును మెల్లగా తిప్పితే లోపల ఇసుక ఉన్నట్టు గరగరమంటుంది. స్పిండిల్ బేరింగులు మార్చుకోదగ్గవే కనుక దానికై బేరం వదులుకోనక్కరలేదు, ధర తగ్గించమని అడిగితే చాలు. కానీ స్పిండిల్ కూర్చునే చోట చుట్టూ రేకు చీలి ఉన్నా, తుప్పు పట్టి స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే లోపలికి దిగుతున్నా వెనుదిరగడమే మంచిది.

ఇక అన్నింటికన్నా ముఖ్యమైన పరీక్ష. కనీసం 20, 30 నిమిషాలు నడిపిస్తే గానీ డ్రైవుల్లోని ఆయిల్ బాగా వేడెక్కదు. అరిగిన పంపు, మోటారు చల్లని చిక్కటి ఆయిల్‌తో బాగానే లాగుతాయి. ఆయిల్ వేడెక్కి పలుచబడగానే సందుల్లోంచి జారిపోయి బలం తగ్గుతుంది. కాబట్టి వేడెక్కిన తరువాత ఒక చిన్న వాలు ఎక్కించి, మధ్యలో ఆపి, మళ్లీ కదిలించి చూడాలి. లీవర్ పూర్తిగా తోసినా ఒక చక్రం వెనుకబడుతున్నా, వెనక్కు ఎక్కించేటప్పుడు మూలుగుతూ నీరసపడుతున్నా ఆ డ్రైవు చివరి దశలో ఉన్నదని అనుకోవాలి.

అయితే తొందరపడి డ్రైవుమీద నేరం మోపే ముందు చూడవలసినవి మూడు ఉన్నాయి. మొదటిది, యంత్రం ఒకవైపుకు లాగుతున్నదంటే వెనుక టైర్లలో గాలి సమానంగా లేకపోవచ్చు, లేదా లీవర్ల అమరిక తప్పి ఉండవచ్చు. ఈ రెండూ సులువుగా సరిదిద్దుకోదగినవి, ఇవి చల్లగా ఉన్నప్పుడూ వేడిగా ఉన్నప్పుడూ ఒకేలా ఉంటాయి. వేడెక్కినకొద్దీ ఎక్కువయ్యేదే అసలు జబ్బు. రెండో సంగతి, డ్రైవులను తిప్పే బెల్టు నున్నగా మెరుస్తూ జారుతున్నా, దాన్ని బిగించే స్ప్రింగు సాగి ఉన్నా బలం తగ్గినట్టే అనిపిస్తుంది. మూడోది, ఇంజిన్ ఆపి యంత్రాన్ని చేత్తో నెట్టడానికి వెనుక బైపాస్ మీటలు ఉంటాయి. వాటిలో ఒకటి సగం తెరిచి ఉండిపోతే మంచి డ్రైవు కూడా చచ్చినట్టు ఉంటుంది. ఆ మీటలు తెరవకుండా యంత్రాన్ని తాడు కట్టి లాగితే డ్రైవులు పాడవుతాయి, కనుక దీన్ని ఎప్పుడైనా ఈడ్చుకెళ్లారా అని అమ్మేవారిని అడగడం అనవసరం కాదు.

భద్రతా స్విచ్చులు కూడా అప్పుడే చూడాలి. బ్లేడ్లు తిరుగుతుండగా సీటు నుంచి కొంచెం లేస్తే ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకపోతే సీటు కింద ఎవరో వైర్లు కలిపి ఉంటారు. బ్లేడ్ల స్విచ్ ఆపిన తరువాత బ్లేడ్లు సాధారణంగా 5 నుంచి 7 సెకన్లలో నిలిచిపోవాలి. గడ్డి చిమ్మే మూతికి ఉండే రేకు కవచం ఊడిపోయి ఉంటే అది పెట్టించుకోకుండా కోత మొదలుపెట్టకూడదు. ఫ్రేమ్ మీద సీరియల్ నంబరు పలక చెక్కుచెదరకుండా ఉన్నదో లేదో చూసి, రశీదులో ఆ నంబరు రాయించుకోవాలి. నంబరు గీకేసి ఉన్న యంత్రాన్ని ఎంత చవకకు ఇచ్చినా తీసుకోకూడదు.

ఇంటికి తెచ్చాక

పాత యజమాని నిన్ననే మార్చానని చెప్పినా సరే, ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, స్పార్క్ ప్లగ్గులు కొత్తవి వేసుకోవాలి. అక్కడి నుంచి లెక్క సొంతదవుతుంది. ఆ తరువాత చాలా ఇంజిన్లకు ప్రతి 100 గంటలకు లేదా సంవత్సరానికి ఒకసారి ఆయిల్ మార్చడం సరిపోతుంది. దాన్ని ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు దించితే మురికి కూడా దానితో పాటు దిగిపోతుంది. కాగితపు గాలి ఫిల్టర్‌ను నేలకు మెల్లగా తట్టి దుమ్ము రాల్చాలే గానీ కంప్రెసర్ గాలి కొట్టరాదు, కాగితం చిరిగితే దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి పోతుంది. ఇంజిన్ పైనున్న రేకు కవచం విప్పి, కింద ఫ్యాను చుట్టూ, సిలిండర్ రెక్కల మధ్య ఏముందో చూడాలి. ఎండు గడ్డి పేరుకుని, కొన్నిసార్లు ఎలుకలు గూడు కట్టి, గాలి ఆడని ఇంజిన్ తనను తానే ఉడికించుకుంటూ ఉంటుంది.

డ్రైవుల ఆయిల్ మార్చే వీలున్న రకమైతే యజమాని పుస్తకంలో చెప్పిన ఆయిలే పోయాలి. చాలా రకాలకు 20డబ్ల్యూ-50 మోటార్ ఆయిల్ పోస్తారు, కొన్నిటికి తయారీదారు ప్రత్యేకమైన ఆయిల్ చెబుతాడు. మార్చాక లోపల చిక్కిన గాలిని తీయకపోతే డ్రైవు మూలుగుతుంది, చక్రం తటపటాయిస్తుంది. అందుకోసం ముందరి చక్రాలు కదలకుండా అడ్డు పెట్టి, వెనుక చక్రాలను నేల నుంచి లేపి స్టాండ్ల మీద ఉంచాలి. బైపాస్ తెరిచి, ఇంజిన్ నడుస్తుండగా లీవర్లను నెమ్మదిగా ముందుకూ వెనక్కూ ఐదారుసార్లు కదపాలి. బైపాస్ మూసి మళ్లీ అలాగే చేసి, ఆయిల్ మట్టం చూసి, తక్కువైతే నింపాలి. చక్రం జంకు లేకుండా తిరిగేదాకా దీన్ని మళ్లీ మళ్లీ చేయవలసి వస్తుంది.

కోత సమంగా రావడం లేదని బ్లేడ్లను తిట్టుకునేవారు మొదట అన్ని టైర్లలో గాలి కొలవాలి. ఒక వెనుక టైరులో గాలి తగ్గినా డెక్ ఒక పక్కకు వాలి, పచ్చిక మీద మెట్లలా గీతలు పడతాయి. గాలి సమం చేశాక గట్టి చదును నేల మీద నిలిపి, బ్లేడు కొసల నుంచి నేలకు ఎంత ఎత్తు ఉందో కొలవాలి. ఎడమ, కుడి సమానంగా ఉండాలి. ముందు కొస వెనుక కొస కన్నా 3 నుంచి 6 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. అలా ఉంటే బ్లేడు ముందువైపే గడ్డిని కోస్తుంది, కోసిన దాన్నే వెనుకవైపు మళ్లీ గీరదు.

బ్లేడ్లకు సుమారు 25 గంటలకోసారి పదును పెట్టాలి, ఇసుక నేలలో ఇంకా ముందే. కోసిన గడ్డి కొస తెల్లగా చీలికలు పేలికలుగా కనిపిస్తే మొద్దుబారినట్టే. సాన పట్టేటప్పుడు పాత వాలును అలాగే ఉంచాలి, కత్తిలా మరీ పలుచన చేస్తే మొదటి రాయికే అంచు మడతపడుతుంది. పదును పెట్టిన బ్లేడును మధ్య రంధ్రంతో గోడకు కొట్టిన మేకుకు తగిలించి చూస్తే ఏ వైపు బరువో తెలుస్తుంది. దిగిన వైపు వెనుక అంచును కొంచెం గీరి సమం చేయాలి. ఈ సమతూకం లేని బ్లేడు స్పిండిల్ బేరింగును తినేస్తుంది. వంగిన బ్లేడును సుత్తితో సరిచేయడానికి ప్రయత్నించకూడదు, పారేయాలి. బిగించేటప్పుడు రెక్కలా లేచిన అంచు పైకి, డెక్ వైపు ఉండాలి.

గ్రీజు ఎక్కించే చోట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో పుస్తకంలో చూసి, చేతి గన్నుతో కొద్దికొద్దిగా ఎక్కించాలి. ఒత్తిడి ఎక్కువైతే సీలు పగిలి, గ్రీజు పోయి నీరు లోపలికి వస్తుంది. ఇదే కారణంగా స్పిండిల్ల మీద, బెల్టు పుల్లీల మీద ప్రెషర్ వాషర్ కొట్టకూడదు. డెక్ కింద అంటుకున్న గడ్డిని తడిగా ఉండగానే చెక్క పేడుతో గీకేయడం మేలు, ఎండి గట్టిపడితే దాని కింద తుప్పు మొదలవుతుంది.

నెల రోజులకు మించి పక్కన పెట్టవలసి వస్తే ట్యాంకులో పెట్రోలుకు అది పాడవకుండా ఉంచే స్టెబిలైజర్ కలిపి, అది కార్బురేటర్ దాకా చేరేలా కొన్ని నిమిషాలు ఇంజిన్ నడపాలి. బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి, మధ్యమధ్యలో ఛార్జి చేస్తూ ఉండాలి. 10 శాతానికి మించి ఇథనాల్ కలిసిన పెట్రోలు ఈ ఇంజిన్లలో చాలావాటికి పనికిరాదు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత యంత్రాల రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. కొన్న మొదటి సీజనులోనే పెట్రోలు గొట్టాలూ వాటి ఫిల్టరూ కొత్తవి వేసుకుంటే తరువాత కార్బురేటర్ విప్పవలసిన పని చాలావరకు తప్పుతుంది.