మిస్టరీ షాపర్ పనిలో చేరే ముందు
మిస్టరీ షాపర్‌గా (మామూలు కస్టమరులా షాపుకు వెళ్లి, అక్కడి సేవ ఎలా ఉందో కంపెనీకి చెప్పే పని) మొదలుపెట్టేవాళ్లు ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి: పని ఇచ్చేవాళ్లకు మీరు డబ్బు కట్టాల్సిన అవసరమే ఉండదు. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ ఫీజు అన్నారంటే అక్కడితో ఆపేయండి.

అన్నిటికంటే ప్రమాదం చెక్కు మోసం. పెద్ద మొత్తానికి చెక్కు పంపి, "బ్యాంకులో వేసుకోండి, మీ జీతం ఉంచుకుని మిగతా దాంతో గిఫ్ట్ కార్డులు కొనండి, వెనక గీకి నంబర్లు ఫొటో తీసి పంపండి" అంటారు. ఖాతాలో డబ్బు కనిపిస్తుంది కాబట్టి ఎవరైనా నమ్మేస్తారు. ఆ చెక్కు నకిలీదని తేలడానికి ఒక్కోసారి వారాలు పడుతుంది. అప్పుడు బ్యాంకు ఆ మొత్తం మీ దగ్గరే వసూలు చేస్తుంది, కార్డుల డబ్బేమో అప్పటికే పోయి ఉంటుంది.

పేరున్న కంపెనీల పేర్లు కూడా వాడుకుంటారు. అందుకే వాళ్లు పంపిన లింకు నొక్కకుండా, ఎమ్‌ఎస్‌పీఏ (మిస్టరీ షాపింగ్ కంపెనీల సంఘం) సభ్యుల జాబితాలో మీరే వెతికి చూసుకోండి.