దుంపల పాఠాలు – 2: కొన్న దుంప వృథా కాకుండా

పోయిన పాఠంలో మీ ఇంట్లో వారానికి ఎన్ని దుంపలు కొంటున్నారో, అందులో ఎన్ని పారేస్తున్నారో ఒక కాగితం మీద రాసుకోమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఈ పాఠమంతా ఆ రెండో లెక్క గురించే. బేరం చూసి చవగ్గా కొనడం ఎవరికైనా త్వరగానే అబ్బుతుంది. కొన్న కిలోలో ముప్పావు కిలోనే పొయ్యి ఎక్కితే మాత్రం, ఆ చవకలో మనకు మిగిలిందేమీ ఉండదు.

ముందు ఒక్క విషయం పట్టుకోండి, మిగతావన్నీ దాని వెంటే వస్తాయి. నేలలోంచి తవ్వి తీసినంత మాత్రాన దుంప చచ్చిపోదు. ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. తనలో దాచుకున్న పిండిపదార్థాన్ని కొద్దికొద్దిగా ఖర్చు చేసుకుంటూ, నీటిని బయటికి వదులుతూ, మళ్లీ మొలకెత్తే అదను కోసం ఎదురుచూస్తుంది. వెచ్చదనం తగిలితే నిద్ర లేస్తుంది. దాన్ని నిద్ర లేపకుండా ఉంచడమే నిల్వ చేయడమంటే.

కొనేటప్పుడు

చేతికి గట్టిగా తగలాలి, సైజుకు తగ్గ బరువుండాలి. ఒకే సైజువి రెండు చెరో చేతిలో పట్టుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది. తేలిగ్గా ఉన్నదాంట్లో నీరు పోయి ఉంటుంది, ముల్లంగి అయితే లోపల బెండుబారి ఉంటుంది. పార దెబ్బ తగిలినవి, మెత్తటి మచ్చలున్నవి, మొలకలొచ్చినవి, పచ్చ ఛాయ తిరిగినవి పక్కన పెట్టేయండి. ఆ రోజే వండేసేటట్టయితే గాటు పడినవి తక్కువ ధరకు తెచ్చుకోవచ్చు, గాటున్న చోట కోసేస్తే సరిపోతుంది. దాచుకోవడానికి మాత్రం ఒక్కటి కూడా వద్దు.

మట్టి అంటిన దుంపల్ని చూసి మొహం తిప్పుకోకండి. కడిగి మెరిపించినవి చూడ్డానికి బాగుంటాయి గానీ, కడగడంలో తొక్క గీసుకుపోతుంది, తడి మిగులుతుంది, కుళ్లు అక్కడే మొదలవుతుంది. మట్టితో ఉన్నవి తెచ్చుకుని, వండే ముందు కడుక్కోవడమే మేలు.

బీట్‌రూట్, ముల్లంగి ఆకులతో దొరికితే అలాగే కొనండి. దుంప ఎప్పుడు తవ్విందో ఆకు చెప్పేస్తుంది. పైగా ఆ ఆకు కూడా కూరే, డబ్బిచ్చి కొన్నదాన్ని పారేయనక్కర్లేదు.

ఇక ధర. కిలోకి ఎంత అని పోల్చి చూడటం సగం లెక్కే. ముల్లంగిలో నూటికి 95 వంతులు నీరే. క్యారెట్‌లో 88 వంతుల దాకా, బంగాళదుంపలో 79 వంతుల దాకా ఉంటుంది. అందుకే 100 గ్రాముల ముల్లంగి 16 క్యాలరీలే ఇస్తే, అంతే బరువున్న బంగాళదుంప సుమారు 77, చిలగడదుంప 86 ఇస్తాయి. క్యారెట్, బీట్‌రూట్ నలభై దగ్గర ఆగుతాయి. కడుపు నింపాల్సిన పూటకు బంగాళదుంప, చిలగడదుంపలే చవక, వాటి కిలో ధర కాస్త ఎక్కువైనా సరే. అలాగని క్యారెట్ మానేయమని కాదు. విటమిన్ ఎ కోసం దాన్ని కొనాలి, ఆకలి లెక్కలో మాత్రం కలపకూడదు.

పెద్ద సంచి కొంటే కిలో చవగ్గా పడుతుంది, నిజమే. మీ ఇంటి చల్లదనంలో ఎన్నాళ్లు నిలుస్తాయో తెలిశాకే ఆ సంచి జోలికి వెళ్లండి.

ఎక్కడ పెట్టాలి

అన్నీ దుంపలే కదా అని ఒకే బుట్టలో పోస్తుంటాం. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది. వీటిలో చలి కావాల్సినవి కొన్ని, చలి పడనివి కొన్ని.

బంగాళదుంపకు చీకటి, గాలి, 7 నుంచి 10 డిగ్రీల చల్లదనం కావాలి. అంత చల్లటి చోటు చాలా ఇళ్లలో ఉండదు. పొయ్యికీ ఫ్రిజ్ వెనక వేడికీ దూరంగా, నేలకు దగ్గరగా, ఇంట్లో ఉన్న అన్నిటికన్నా చల్లటి మూల వెతకండి. గుడ్డ సంచి, కాగితపు సంచి, బుట్ట ఏదైనా పరవాలేదు, మూతి కట్టిన ప్లాస్టిక్ కవరు మాత్రం వద్దు. దుంప వదిలిన తేమలో దుంపే తడిసి కుళ్లిపోతుంది. ఫ్రిజ్‌లో పెడితే మొలకలు రావు గానీ, ఆ చలికి లోపలి పిండి కొంత చక్కెరగా మారుతుంది. వేయించేటప్పుడు లోపల ఉడక్కముందే పైన నల్లబడటానికి కారణం అదే.

వెలుతురు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. వెలుతురు తగిలిన బంగాళదుంప పచ్చబడుతుంది. ఆ పచ్చదనం ఆకుల్లో ఉండే పత్రహరితమే, దానివల్ల హాని లేదు. కానీ అదే వెలుతురుకు తొక్క కింద సోలనిన్ అనే చేదు విషపదార్థం కూడా పెరుగుతుంది. ఉడకబెట్టినా, వేయించినా అది పోదు. చిన్న మచ్చే అయితే పచ్చదనం పూర్తిగా పోయేదాకా లోతుగా చెక్కేయండి, మొలకల్ని మొదలంటా తవ్వి తీసేయండి. దుంపంతా పచ్చబడినా, ముక్క నోట్లో పెట్టగానే చేదు తగిలినా పారేయాల్సిందే. అక్కడ పొదుపు చూసుకోవద్దు, ముఖ్యంగా పిల్లలకు పెట్టేటప్పుడు.

ఉల్లిపాయలు దుంపలు కాకపోయినా అందరూ వీటి పక్కనే పెడతారు కాబట్టి చెబుతున్నాను. ఉల్లికి పొడి కావాలి, బంగాళదుంప తేమ వదులుతుంది. రెంటినీ దూరంగా ఉంచండి.

చిలగడదుంపను పచ్చిగా ఫ్రిజ్‌లో పెట్టకండి. దానికి 13 నుంచి 16 డిగ్రీలు హాయి. 10 డిగ్రీల కంటే కిందికి దిగి కొన్నాళ్లుంటే లోపలి కణాలు దెబ్బతింటాయి. ఎంతసేపు ఉడికించినా నడుమ గట్టిగా, గింజలా మిగిలిపోతుంది. చేమదుంప, కంద కూడా బయటే, గాలి తగిలే చోట ఉంచండి.

క్యారెట్, బీట్‌రూట్, ముల్లంగి దీనికి పూర్తిగా విరుద్ధం. గడ్డకట్టనంత వరకు ఎంత చలైనా వాటికి మంచిదే, తేమ కూడా కావాలి. ఇంటికి తేగానే ఆకులు కోసేయండి. ఆలస్యం చేస్తే దుంపలోని నీటిని ఆకులు లాగేస్తాయి. బీట్‌రూట్‌కి మాత్రం రెండు సెంటీమీటర్ల కాడ వదలాలి, లేకపోతే ఉడికేటప్పుడు రంగంతా నీళ్లలోకి దిగిపోతుంది. కవరులో వేసి, ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. యాపిల్స్ పక్కన వద్దు. అవి వదిలే ఎథిలీన్ వాయువుకు క్యారెట్ చేదెక్కుతుంది. ఫ్రిజ్ లేనివాళ్లు పెట్టెలో చెమ్మగా ఉన్న ఇసుక పరిచి, దుంపలు ఒకదానికొకటి తగలకుండా వరసలుగా పేర్చి, పైన మళ్లీ ఇసుక కప్పుకోవచ్చు.

వడలిన క్యారెట్‌ని పాడైందనుకోకండి. వంగుతోందంటే నీరు తగ్గిందంతే. చల్లటి నీళ్లలో ఓ గంటో రెండు గంటలో వేసి ఉంచితే కణాలు నీరు తాగి మళ్లీ పటుక్కున విరిగేంత గట్టిపడుతుంది. జిగురుగా ఉన్నా, వాసన వచ్చినా అది కుళ్లే, దానికి నీళ్లు పనిచేయవు.

కర్రపెండలం దాచుకునేది కాదు. తవ్విన రెండు మూడు రోజుల్లోనే లోపల నీలి నల్ల చారలు పడతాయి. తెచ్చిన రోజే మందంగా చెక్కు తీసి, బాగా ఉడికించి తినాలి. పచ్చిగా అస్సలు తినకూడదు, అందులో సైనైడ్‌ను విడుదల చేసే పదార్థాలుంటాయి.

వారానికొకసారి బుట్ట కుమ్మరించి చూడండి. కుళ్లిన ఒక్క దుంప పక్కవాటికి అంటిస్తుంది. మెత్తబడింది ఏదైనా ఉంటే తీసేసి, తడి తగిలినవాటిని తుడిచి ఆ పూటే వండేయండి.

వండే వరుస

అన్నీ ఒకేసారి తెచ్చినా, పాడయ్యే తొందరను బట్టి వండాలి. ఆకులు మొదటి రోజు, తర్వాత ముల్లంగి, ఆ వెనక క్యారెట్, బీట్‌రూట్, చివరికి బంగాళదుంప. ఆ పూట ఏది తినాలనిపిస్తే అది వండితే, తొందరగా వాడాల్సింది అడుగున పడి చెత్తబుట్టకే చేరుతుంది.

కర్రపెండలం, పచ్చ మచ్చలున్న బంగాళదుంప తప్ప మిగతావాటికి తొక్క తీయాల్సి వస్తే ఉడికించాక తీయండి. పచ్చిదాన్ని కత్తితో చెక్కితే తొక్కతో పాటు కండా పోతుంది. ఉడికాక వేళ్లతో లాగితే పల్చటి పొరే వస్తుంది. బీట్‌రూట్‌కి ఇది మరీ బాగా కుదురుతుంది.

దుంపను చల్లటి నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టండి. మరిగే నీళ్లలో వేస్తే లోపలికి వేడి చేరేలోపే పైభాగం చిట్లి నీళ్లలో కలిసిపోతుంది. నీళ్లతో పాటు మెల్లగా వేడెక్కితే లోపలా బయటా ఒకేలా ఉడుకుతుంది, ముక్క నలగదు.

ఇక వంటలో చాలామందిని ఏడిపించే విషయం, పులుపు. టమాటా గానీ, నిమ్మరసం గానీ, చింతపండు గానీ ముందే పడితే ముక్క ఎంతసేపటికీ మెత్తబడదు. ముక్కను పట్టి ఉంచే పెక్టిన్ పులుపులో కరగదు, అందుకే గ్యాస్ ఖర్చయిపోతున్నా ముక్క గట్టిగానే ఉంటుంది. ముందు ఉప్పు నీళ్లలో పూర్తిగా ఉడకనిచ్చి, వేలితో నొక్కితే దిగిందనుకున్నాకే పులుపు కలపండి. ముక్కలు విడిపోకుండా నిలవాలనుకున్నప్పుడు ఇదే గుణం మనకు పనికొస్తుంది, సగం ఉడికాక కొంచెం పులుపు వేస్తే చాలు.

చేమదుంప, కంద దురద పుట్టించేది సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాల వల్ల. కోసేటప్పుడు చేతులు పొడిగా ఉంచుకుని నూనె రాసుకోండి. పూర్తిగా ఉడికేదాకా రుచి చూడకండి. మెత్తబడ్డాక కలిపిన పులుపు మిగిలిన దురదను తగ్గిస్తుంది.

ఈ వారం చేయాల్సినవి

మీ బంగాళదుంప పిండిగా విడిపోయే రకమా, ముక్కగా నిలిచే రకమా చూడండి. గ్లాసులో 11 చెంచాల నీళ్లకు ఒక చెంచా ఉప్పు చొప్పున, ముక్క మునిగేంత నీళ్లు పోసి ఉప్పు కరిగించి, అందులో పచ్చి ముక్క వేయండి. మునిగితే పిండి ఎక్కువున్నదని, మెదపడానికి, వేయించడానికి బాగుంటుంది. తేలితే ముక్కగా నిలిచేది, కూరల్లోకి, సూపుల్లోకి వాడుకోండి.

రెండో పని, ఒకే సైజు ముక్కలు రెండు చిన్న గిన్నెల్లో ఉడకబెట్టి, ఒకదానిలో మాత్రం మొదట్లోనే నిమ్మరసం పిండండి. పావుగంట తర్వాత రెంటినీ ఫోర్కుతో గుచ్చి, ఏది ఎంత దిగిందో రాసుకోండి.

మీ కాగితం మీద ఈ వారం పారేసినవాటి పక్కన కారణం కూడా రాయండి: పచ్చబడిందా, మొలకెత్తిందా, వడలిందా, కుళ్లిందా. వచ్చే పాఠంలో ఆ కారణాలను బట్టి మీ ఇంటికి సరిపడే బుట్టల ఏర్పాటు చూద్దాం. మిగిలిపోయిన ఉడికిన దుంపల్ని, తొక్కల్ని ఏం చేయాలో, ఏవి గడ్డకట్టించి దాచుకోవచ్చో కూడా అందులోనే.