యాప్ లేకుండా బ్యాంకు బ్యాలెన్స్ చూసుకోవాలంటే కీప్యాడ్ ఫోన్ చాలు

పింఛను పడిందా, ఉపాధి కూలి జమయిందా అని తెలుసుకోవడానికి పక్కింటి కుర్రాడి చేతికి కార్డూ పిన్నూ ఇచ్చి పంపేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. దయచేసి అలా చేయకండి. బ్యాలెన్స్ చూసుకోవడానికి స్మార్ట్‌ఫోన్ గానీ ఇంటర్నెట్ గానీ అక్కర్లేదు. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ఫోన్లో చెప్పి చేయించే పిల్లలు కూడా ఇది ఒకసారి చదవండి.

అన్నిటికంటే ముందు, ఖాతాకు ఏ మొబైల్ నంబర్ రిజిస్టర్ అయి ఉందో బ్రాంచిలో అడిగి ఖాయం చేసుకోండి. ఎప్పుడో ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన నంబర్ ఇప్పుడు వాడకంలో లేకపోతే కింద చెప్పేవాటిలో సగం పనిచేయవు. పైగా చాలాకాలం వాడని సిమ్ నంబర్‌ని కంపెనీ ఇంకొకరికి ఇచ్చేస్తుంది, అప్పుడు మీ ఖాతా మెసేజ్‌లు వాళ్లకి వెళ్తాయి. పాస్‌బుక్కు, ఆధార్ పట్టుకెళ్లి ఫారం నింపిస్తే నంబర్ మారుస్తారు.

అన్నిటిలోకీ సులువైనది మిస్డ్ కాల్. స్టేట్ బ్యాంకు ఖాతా అయితే రిజిస్టర్ అయిన నంబర్ నుంచి REG అని కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, ఖాతా నంబర్ రాసి, బ్రాంచిలో అడిగి తెలుసుకున్న రిజిస్ట్రేషన్ నంబర్‌కి మెసేజ్ పంపండి. ఇది ఒక్కసారి చేస్తే చాలు. ఆ తర్వాత ఎప్పుడు కావాలన్నా 09223766666కి కాల్ చేస్తే అదే కట్ అయిపోతుంది, కాసేపటికి బ్యాలెన్స్ మెసేజ్ వస్తుంది. రాలేదంటే టెన్షన్ పడకుండా ముందు ఇన్‌బాక్స్ చూడండి, పాత కీప్యాడ్ ఫోన్లలో ఇన్‌బాక్స్ నిండిపోతే కొత్త మెసేజ్ లోపలికి రాదు, పది పాతవి తీసేసి మళ్లీ కాల్ చేయండి. మిగతా బ్యాంకుల నంబర్లు మాత్రం నెట్‌లో దొరికినవి నమ్మొద్దు. ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు 2025లో ఒక్కటయ్యాయి, అయినా పాత నంబర్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. కొన్నిచోట్ల మోసగాళ్లు తమ నంబర్లే పెడతారు. బ్రాంచిలో అడిగి పాస్‌బుక్కు అట్ట లోపల రాయించుకోండి.

రెండోది *99#. 2014లో ప్రధాని దేశమంతటికీ ప్రారంభించిన సేవ ఇది, ఏ బ్యాంకుకైనా ఒకటే నంబర్. డయల్ చేస్తే మెనూ వస్తుంది. మొదటిసారి బ్యాంకు పేరు గానీ, పాస్‌బుక్కులో ఉండే ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో మొదటి నాలుగు అక్షరాలు గానీ అడుగుతుంది. తర్వాత డెబిట్ కార్డు చివరి 6 అంకెలు, గడువు తేదీ ఇచ్చి యూపీఐ పిన్ పెట్టుకోవాలి. అక్కణ్నుంచి బ్యాలెన్స్ ఆప్షన్ నంబర్ నొక్కి పిన్ కొడితే సరిపోతుంది. తీరిగ్గా వెతుక్కుంటూ కూర్చుంటే మధ్యలోనే తెగిపోతుంది కాబట్టి కార్డు, పాస్‌బుక్కు ముందే ఎదురుగా పెట్టుకోండి. చాలా ఫోన్లలో పిన్ కొడుతుంటే చుక్కలు పడవు, అంకెలు అలాగే కనిపిస్తాయి, అందుకని పక్కన ఎవరూ లేనప్పుడే చేయండి. 4జీ మీదే నడిచే కొన్ని సిమ్‌లలో ఇది సరిగ్గా పనిచేయదు, అప్పుడు మిస్డ్ కాలే దిక్కు.

ఏటీఎం సంగతి అందరికీ తెలిసిందే. ఒక్కటి గుర్తుంచుకోండి, వేరే బ్యాంకు ఏటీఎంలో బ్యాలెన్స్ చూసినా నెలవారీ ఉచిత లావాదేవీల్లో ఒకటి ఖర్చయిపోతుంది. అవి హైదరాబాద్ లాంటి మెట్రోల్లో 3, మిగతాచోట్ల 5.

కార్డు కూడా లేదంటే ఊళ్లో బ్యాంకు తరఫున పనిచేసే బ్యాంకు మిత్ర దగ్గర ఆధార్ నంబర్ చెప్పి వేలిముద్ర వేస్తే బ్యాలెన్స్ చెప్తారు, ఖాతాకు ఆధార్ లింకై ఉండాలి. ఇక్కడే బాగా జాగ్రత్తగా ఉండాలి. అదే మెషీన్‌లో, అదే వేలిముద్రతో డబ్బు కూడా తీయొచ్చు. "పడలేదు, ఇంకోసారి పెట్టమ్మా" అంటే వెంటనే వేలు పెట్టకండి. "ముందు స్లిప్పు ఇవ్వు బాబూ, స్క్రీన్ ఇటు తిప్పు" అని అడగండి. స్క్రీన్ మీద బ్యాలెన్స్ ఎంక్వైరీ అని ఉందా, విత్‌డ్రాయల్ అని ఉందా చూసి, చదవడం రాకపోతే చదివేవాళ్లను వెంట తీసుకెళ్లి, ఆ తర్వాతే వేలు పెట్టండి. అలా అడగడానికి మొహమాటం అస్సలు వద్దు, అది మీ కష్టార్జితం.

ఇవన్నీ ఉన్నా అప్పుడప్పుడూ పాస్‌బుక్కు ప్రింట్ వేయించండి. మెసేజ్‌లో మొత్తమే ఉంటుంది, ఏ తేదీన ఏది కోసుకున్నారో పాస్‌బుక్కులోనే తెలుస్తుంది. వెనక బార్‌కోడ్ స్టిక్కర్ వేయించుకుంటే కౌంటర్ దగ్గర నిలబడకుండా మెషీన్‌లోనే ప్రింట్ అవుతుంది.

లెక్కలో తేడా కనిపిస్తే ఆ రోజే బ్యాంకుకి చెప్పి, సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చేయండి. ఆర్‌బీఐ 2017లో ఇచ్చిన నిబంధన ప్రకారం మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా బయటివాళ్లు డబ్బు కొట్టేస్తే, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లోపు ఫిర్యాదు చేస్తే నష్టం మీ మీద పడదు. పిన్ ఇంకొకరికి మీరే చెప్పి ఉంటే మాత్రం, ఫిర్యాదు చేసేదాకా పోయిన డబ్బంతా మీరే భరించాలి. ఫిర్యాదు నంబర్ తప్పకుండా తీసుకోండి.