చెన్నై తీరంలో కొట్టుకొచ్చిన కర్రలతో శిల్పమా? ముందు ఇవి చూసుకోండి

బెసంట్ నగర్ ఇసుకలో కనిపించిందల్లా ఏరకండి. పగడపు ముక్కల జోలికి పోనే వద్దు, వాటికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది.

కర్రల్లో తుప్పు మేకులు, గాలాలు ఇరుక్కుని ఉంటాయి. తోలు గ్లౌజులు, మందపాటి బూట్లు తప్పనిసరి.

పోటు వదిలిన చెత్త వరసకు బాగా పైన చోటు ఎంచుకోండి. నిలువు కర్రలో మూడో వంతు పాతాలి: ఆరడుగులకు రెండడుగులు. పొడి ఇసుక పట్టు నిలవదు. తడి తగిలేదాకా తవ్వి, పూడుస్తూ నీళ్లు పోసి గట్టిగా తొక్కండి.

కట్టడానికి కొబ్బరి తాడే. పచ్చి సరుగుడు ఎండితే సన్నబడి ముడి వదులవుతుంది, మర్నాడు మళ్లీ బిగించాలి.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా మాత్రం అక్కడ తవ్వనే వద్దు. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే కాలమది. తాబేలు పిల్లలు గుంతలో పడితే ఎక్కి రాలేవు. ఆ నెలల్లో మేడ మీద చేసుకోండి.