కొన్న కోడిపిల్లలు మూడో రోజు చచ్చిపోతున్నాయా? మందు కలిపే ముందు ఇది చూడండి

"అన్నా, తెచ్చిన రోజు పిల్లలు భలే హుషారుగా ఉన్నాయి, నిన్నటి నుంచి ఒక్కొక్కటీ తల వాల్చేస్తున్నాయి, ఏం మందు వెయ్యాలి?" ఈ ఫోన్ నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. నేను తిరిగి అడిగేది ఒక్కటే, మొదటి రాత్రి పిల్లల మేత సంచులు (మెడ కింద, తిన్నది నిలవ ఉండే సంచి) తడిమి చూశావా అని. చూశానన్నవాళ్లు ఇప్పటిదాకా ఇద్దరో ముగ్గురో.

బ్రూడర్ (పిల్లల్ని బల్బు వేడితో వెచ్చగా ఉంచే గూడు) ఎలా కట్టాలి, ఊక ఎంత మందాన పరవాలి, ఇవి మీకు తెలుసనే అనుకుని రాస్తున్నా. గుంటూరులో మాలాంటివాళ్లకి పిల్లలు వచ్చేది ఎక్కువగా బస్సు పార్శిల్ మీద, లేకపోతే సంతలో గంపలో పెట్టి అమ్మేవాళ్ల దగ్గర. ఎక్కడ కొన్నా ఆ పిల్ల గుడ్లు పొదిగే మిషన్‌లో పగిలింది, తల్లి లేకుండానే ప్రయాణం చేసింది. పెట్ట కింద పగిలిన పిల్లకి లేని ఇబ్బందులు దీనికి ఉండడానికి సగం కారణం అక్కడే ఉంది.

లక్షణం: రెండు రోజులు బాగుండి, మూడో రోజు నుంచి రాలిపోవడం

అందరూ అనుకునేది తెగులు అని. కొక్కెర (రాణీఖేత్ తెగులు) వచ్చిందంటారు, తెల్ల పారుడు (తెల్లటి విరేచనాల జబ్బు) అంటారు. నేను చూసినవాటిలో ఎక్కువసార్లు కారణం వేరే. ఆ పిల్ల వచ్చిన దగ్గర్నుంచి ఒక్క గుక్క నీళ్లు తాగలేదు.

చెప్తే నమ్మరు. "నీళ్లు పెట్టాను, గిన్నె ఖాళీ కూడా అయింది" అంటారు. ఖాళీ అయిన మాట నిజమే, యాభైలో ముప్పై తాగాయి. మిగతా ఇరవైకి నీళ్లంటే ఏంటో తెలియదు. మెరిసేదాన్ని పొడిచి చూడాలన్న తెలివి కొన్నింటికి దానంతటదే వస్తుంది, కొన్నింటికి ఎవరో ఒకరు చూపించాలి. ఇంట్లో అయితే పెట్ట ఆ పని చేస్తుంది. గమనించే ఉంటారు, నూక కనపడగానే అది తినకుండా ముక్కుతో ఎత్తి కింద వదిలి "టుక్ టుక్" మంటుంది, పిల్లలన్నీ పరుగెత్తుకొస్తాయి. నీళ్ల దగ్గర అది ముక్కు ముంచి తల పైకెత్తితే పక్కనున్న పిల్ల కూడా అలాగే చేస్తుంది. బాక్సులో వచ్చిన పిల్లకి ఇది చూపించేవాళ్లు లేరు.

మరి నీళ్లు తాగకపోతే మొదటి రోజే చచ్చిపోవాలి కదా అంటారు. మనల్ని మోసం చేసేది ఇక్కడే. గుడ్డు పగలబోయే ముందు మిగిలిన పచ్చసొనంతా పిల్ల తన కడుపులోకి లాగేసుకుంటుంది. 21 రోజులు పొదిగిన గుడ్లన్నీ ఒకే గంటలో పగలవు, ముందు పుట్టినవి వెనకటివి వచ్చేదాకా తల్లి కింద ఆగాలి, అందుకని ప్రకృతి ఇచ్చిన సద్ది అది. దాంతో రెండు రోజులు, మహా అయితే మూడు రోజులు గడుస్తుంది. హేచరీలవాళ్లు (మిషన్లలో పిల్లల్ని పొదిగించి అమ్మేవాళ్లు) ఒక రోజు పిల్లల్ని ఊళ్లు దాటించి పంపగలుగుతున్నది కూడా ఈ సద్ది ఉండబట్టే. ఆ రెండు రోజులూ పిల్ల గెంతుతుంది, అరుస్తుంది, మనకి అన్నీ సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది. సద్ది అయిపోయే సమయానికి ఒంట్లో నీళ్లు కూడా అయిపోయి ఉంటాయి. ఇక నిలబడలేదు.

ఇంకో లెక్క కూడా తప్పుతారు. బస్సు ఎక్కిన దగ్గర్నుంచి గంటలు లెక్కపెడతారు. లెక్క పగిలిన దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. మిషన్‌లో ముందుగా పగిలింది తడి ఆరేదాకా అక్కడే ఉంటుంది, తర్వాత ఏరతారు, టీకా వేస్తారు, బాక్సుల్లో సర్దుతారు, పార్శిల్ ఆఫీసులో ఒక పూట గడుస్తుంది. హైదరాబాద్ నుంచి గుంటూరుకి బస్సు ఆరేడు గంటలే కావచ్చు, మీ చేతికొచ్చేసరికి ఆ పిల్లకి ఒకటిన్నర రోజు నిండిపోయి ఉండొచ్చు. అంటే సద్దిలో సగం పైగా దారిలోనే అయిపోయింది.

నాకు ఇది తెలిసింది నష్టపోయాకే. మొదటిసారి నలభై పిల్లలు తెప్పించాను. మొదటి రోజు ఇల్లంతా కిచకిచలు. మూడో రోజు పొద్దున నాలుగు చనిపోయి ఉన్నాయి. కంగారుగా మందుల షాపుకి పరుగెత్తితే పసుపు రంగు పొడి ఇచ్చి నీళ్లలో కలపమన్నారు. కలిపాను. ఆ నీళ్లు చేదు. అప్పటిదాకా తాగుతున్న పిల్లలు కూడా తాగడం తగ్గించాయి. చావులు పెరిగాయి, నేను ఇంకొంచెం పొడి ఎక్కువ వేశాను. ఐదో రోజుకి పంతొమ్మిది మిగిలాయి. తెనాలి పక్క పల్లె నుంచి వచ్చిన మా మేనత్త చచ్చిన పిల్లని చేతిలోకి తీసుకుని, మెడ కింద రెండు వేళ్లతో నొక్కి, "ఒరేయ్ అబ్బాయ్, దీని లోపల నూక గింజ లేదు, నీటి చుక్క లేదు, దీనికి మందేంట్రా?" అంది. అదే వారం ఆవిడ ఇంట్లో గంప కింద పెట్ట పదకొండు పిల్లలతో తిరుగుతోంది, ఒక్కటీ పోలేదు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది. నేను మందు అనుకుని కలిపింది వాటికి ఉన్న ఒక్క ఆధారాన్నీ చేదు చేసింది.

ఎలా గుర్తుపట్టాలి: కాళ్ల చర్మం ఎండి ముడతలు పడుతుంది, నరాలు పైకి కనపడతాయి. కళ్లు లోపలికి పోతాయి. చేతిలో పెట్టుకుంటే దూదిలా బరువే ఉండదు. అరుపు మొదట సన్నగా, గట్టిగా, ఆపకుండా ఉంటుంది, తర్వాత పూర్తిగా ఆగిపోతుంది. నిశ్శబ్దంగా పడుకుంది కదా అని వదిలేస్తారు, అప్పటికే ఆలస్యం అయిపోతుంది.

ఇప్పుడు ఏం చెయ్యాలో చెప్తాను. పిల్లలు రాకముందే బ్రూడర్ వేడెక్కి ఉండాలి, నీళ్లు లోపల పెట్టి ఉండాలి. లీటరు నీళ్లకి 50 గ్రాముల బెల్లం కలపండి, అది మొదటి నాలుగైదు గంటలకే, తర్వాత మామూలు నీళ్లు. బాక్సు విప్పాక పిల్లల్ని గుప్పెళ్లతో లోపల పోయొద్దు. ఒక్కొక్కదాన్ని అరచేతిలో పట్టుకుని ముక్కు చివర మాత్రమే నీళ్లలో ముంచండి, ముక్కు రంధ్రాలు మునగకూడదు. అది తల పైకెత్తి మింగిందని కళ్లారా చూశాకే ఆ గిన్నె పక్కనే వదలండి. యాభై పిల్లలకి అరగంట పట్టదు. ఈ అరగంట బద్ధకించే వాళ్లే మూడో రోజు ఫోన్ చేస్తారు. గిన్నెలో నాలుగు గోళీలు వెయ్యండి, మెరుస్తుంటే పొడుస్తాయి, లోపల పడి మునిగిపోవు కూడా. గిన్నె సరిగ్గా బల్బు కింద పెట్టొద్దు. నీళ్లు వేడెక్కితే ముక్కు పెట్టి వెనక్కి తీస్తాయి. వేసవిలో డాబా మీద ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత కాగుతాయి, అవి పొయ్యొద్దు, కుండ నీళ్లు పొయ్యండి.

నీళ్లు తాగిన గంట, గంటన్నర తర్వాతే మేత. గోనెపట్టా మీద నూకలో, చిక్ స్టార్టరో (చిన్న పిల్లల కంపెనీ దాణా) చల్లి వేలితో టకటకా కొట్టండి, పెట్ట ముక్కుతో కొట్టినట్టు. మొదటి రాత్రి లైటు ఆపొద్దు.

ఇక ఎవరూ చెయ్యని పని. రాత్రి పది గంటలకి ప్రతి పిల్లనీ పట్టుకుని మెడ కింద, రొమ్ము పైన కుడివైపు మేత సంచి తడమండి. నానబెట్టిన శనగ గింజలా మెత్తగా ఉబ్బి తగిలితే తిన్నది, తాగింది. గట్టిగా రవ్వలా తగిలితే మేత తిన్నది కానీ నీళ్లు తాగలేదు. ఏమీ తగలకపోతే రెండూ లేవు. ఈ చివరి రెండు రకాలనీ వేరే డబ్బాలో వేసి, వాటితో బాగా తాగుతున్న పిల్లల్ని రెండింటిని కలపండి. ఆ రెండూ తాగుతుంటే చూసి మిగతావి నేర్చుకుంటాయి. మళ్లీ ముక్కు ముంచండి. తెల్లారి మళ్లీ తడమండి, అప్పటికి దాదాపు అన్నింటికీ నిండి ఉండాలి.

ఇప్పటికే మూడో రోజు వచ్చేసి, తల వాల్చేస్తుంటే? మందు నీళ్లు పారబోయండి. బెల్లం నీళ్లు డ్రాపర్‌తో ముక్కు పక్కన ఒక చుక్క పెట్టి దానంతట అది మింగేదాకా ఆగండి. పదిహేను, ఇరవై నిమిషాలకోసారి రెండు మూడు చుక్కలు. నోరు తెరిచి లోపలికి పొయ్యొద్దు, ఊపిరి గొట్టంలోకి పోయి అక్కడికక్కడే చచ్చిపోతుంది. ఇలా కొన్ని బతుకుతాయి, అన్నీ బతకవు. ఐదు నుంచి ఏడు రోజుల్లో కంట్లో వేసే కొక్కెర చుక్కల టీకా కూడా నీరసంగా ఉన్నవాటికి కోలుకున్నాకే వేయించండి. ఇంట్లో పొదిగించిన పిల్లలకి టీకా అక్కర్లేదనుకోవద్దు, కొక్కెర వస్తే వాటినీ వదలదు.

లక్షణం: గుట్టగా చేరడం, లేదా రెక్కలు వాల్చి నోరు తెరవడం

గుట్టగా చేరితే చలి, దూరం జరిగి నోరు తెరిస్తే వేడి. మొదటి వారం బ్రూడర్‌లో పిల్లల ఎత్తున 35 డిగ్రీలు చాలు, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. మన దగ్గర జరిగే తప్పు మే నెలలో పగలు కూడా బల్బు వేసి ఉంచడం. రోహిణి కార్తెలో మధ్యాహ్నం గదిలోనే 38, 40 ఉంటే ఇంకా బల్బెందుకు? తీసేయండి, రాత్రి చూసి వేసుకోవచ్చు. జనవరిలో రివర్స్, బల్బు ఉన్నా తలుపు సందులోంచి తెల్లవారుజామున వచ్చే గాలి చంపేస్తుంది. థర్మామీటర్ లేకపోతే పిల్ల కాళ్లు మీ చెంపకి ఆనించండి. చల్లగా తగిలితే దానికి చలి. రోహిణి కార్తెలో పిల్లల్ని తెప్పించకండి, ఎంత చవగ్గా ఇస్తామన్నా సరే. తప్పదంటే రాత్రి బస్సే, అదీ కింద డిక్కీలో కాదు, మనిషి కాళ్ల దగ్గర.

లక్షణం: వెనక రెట్ట అంటుకుని మూసుకుపోవడం

ప్రయాణంలో తగిలిన చలి, వేడి, దాహం వల్ల వస్తుంది, బెల్లం నీళ్లు రోజుల తరబడి పెట్టినా వస్తుంది. గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి నానబెట్టి తుడవండి, పొడిగా ఉండగా లాగితే చర్మం ఊడొస్తుంది. ఆరబెట్టి కొంచెం కొబ్బరినూనె రాయండి. కొంతమంది దానికి ముందువైపు పొట్ట మీద ఉండే నల్లటి బొడ్డు పొక్కుని కూడా రెట్ట అనుకుని పీకేస్తారు. దయచేసి దాన్ని ముట్టుకోవద్దు.

లక్షణం: కాళ్లు రెండు పక్కలకి చీలిపోవడం

న్యూస్‌పేపర్ తీసేసి గోనెపట్టా వెయ్యండి, కాగితం మీద కాళ్లు జారతాయి. మొదటి రెండు మూడు రోజుల్లో పట్టుకుంటే రెండు కాళ్లనీ మామూలుగా నిలబడేంత ఎడంలో ఉంచి బ్యాండేజీ ముక్కతో కలిపి కడితే మూడు నాలుగు రోజుల్లో సరిగ్గా నిలబడుతుంది.

మిగతావి తొందరగా చెప్తా. పొట్ట ఉబ్బి, బొడ్డు తడిగా, దుర్వాసన వస్తుంటే అది మిషన్ దగ్గర వచ్చిన బొడ్డు కుళ్లు, మన చేతిలో పెద్దగా లేదు, వేరు చేసి అమ్మినవాళ్లకి చెప్పండి. రక్తపు రెట్ట మూడు వారాల దరిదాపుల్లో మొదలయ్యే కాక్సీడియోసిస్ (పేగుల్లో పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు) కావచ్చు, తడి ఊక మార్చి పశువుల డాక్టర్‌ని అడగండి. విటమిన్ లోపం అంటూ సీసాలు కొనడం ఆపండి, కంపెనీ దాణా తినే పిల్లకి మొదటి వారంలో అది చాలా అరుదు. ఇవన్నీ చూశాక కూడా చావులు ఆగకపోతే అప్పుడే చచ్చిన పిల్లని ఐస్‌లో పెట్టి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. విజయవాడ వైపు వాళ్లకి గన్నవరంలో వెటర్నరీ కాలేజీయే ఉంది.

సంతలో గులాబీ, ఆకుపచ్చ రంగులు పూసి అమ్మే పిల్లల గురించి ఒక మాట. అవి ఎక్కువగా గుడ్ల జాతిలో పుట్టిన మగపిల్లలు, ఫారాలకి అక్కర్లేదని వచ్చినవి. ఒకసారి రంగులో తడిసి, ఎండలో గంపలో నిలబడి, నీళ్లు లేకుండా సాయంత్రం దాకా ఉంటాయి. ఆడుకోవడానికని కొనివ్వకండి. ఇప్పటికే తెచ్చేసి ఉంటే పైన రాసిందంతా వాటికి రెట్టింపు శ్రద్ధగా చెయ్యాలి, ముక్కు ముంచడం గుమ్మంలోకి రాగానే మొదలవ్వాలి.

ఇంట్లో పొదుగు పెట్ట ఉంటే

ఇంతకన్నా తేలికైన దారి లేదు. అది కనీసం రెండు వారాల నుంచి కూర్చుని ఉండాలి, లేదా దాని సొంత పిల్లలు ఒకటి రెండు రోజుల్లో పగిలి ఉండాలి. కొన్న పిల్లల వయసు మూడు రోజులు దాటకూడదు. ముందు పైన చెప్పినట్టు నీళ్లు తాగించి, రెట్ట పల్చగా పోతున్నవాటిని పక్కన పెట్టండి, లేకపోతే ఇంట్లో పిల్లలకి కూడా అంటుకుంటుంది. బాగా చీకటి పడ్డాక, లైటు వెయ్యకుండా, ఒక్కొక్కదాన్ని వెనక నుంచి రెక్క కిందకి జరపండి, గుడ్లుంటే ఒక్కో గుడ్డు తీసేస్తూ. నాటు పెట్ట అయితే సొంతవి, కొన్నవి కలిపి పది పన్నెండు, అంతకు మించితే అంచున ఉన్నవి చలికి పోతాయి. తెల్లవారుజామున వెలుతురు రాకముందే వెళ్లి కూర్చోండి. కొత్త పిల్లని పెట్ట గట్టిగా పొడిస్తే వెంటనే తీసి బ్రూడర్‌లో వేసేయండి, రెండోసారి ప్రయత్నించొద్దు. పొడవకుండా టుక్ టుక్ మంటూ నూక చూపించిందంటే, లోతులేని మూకుడులో నీళ్లు పోసి దాని ముందు పెట్టి మీరు లేచి రావచ్చు.