పుస్తకం మూశాకే పేపర్ రాయండి

రీసెర్చ్ పేపర్లో కాపీ చాలావరకు నోట్సు రాసుకునే రోజే మొదలవుతుంది. ఎచ్చెర్ల యూనివర్సిటీలో అయినా, విజయనగరం కాలేజీల్లో అయినా తీరు ఒకటే: లైబ్రరీలో నాలుగు పుస్తకాలు ముందేసుకుని చకచకా ఎక్కించేస్తారు. రెండు నెలలు పోయాక ఏ వాక్యం పుస్తకానిదో, ఏది తమదో వాళ్లకే తెలీదు.

అందుకని రెండు పెన్నులు పెట్టుకోండి. ఉన్నదున్నట్టు ఎత్తిరాస్తే ఎర్ర సిరా, కొటేషన్ గుర్తులు, పేజీ నంబరు. సొంత మాటల్లో రాస్తే నీలం. దానికీ పేజీ నంబరు తప్పదు.

పొందూరు ఖాదీ మీద రాస్తున్నారనుకుందాం. మూలంలో "పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేయడం పొందూరు ఖాదీ ప్రత్యేకత" అని ఉంది. మీరు "దూదిని వాలుగ చేప దవడతో దువ్వి బాగుచేయడం పొందూరు ఖద్దరు విశేషం" అని రాస్తే అది కాపీయే. మాటలు మారాయి గానీ వాక్యం కట్టుబడి అదే. పుస్తకం మూసేయండి, ఓ టీ తాగి రండి, ఆ సంగతి మీ వాదనకు ఎందుకు కావాలో ఆలోచించి రాయండి: "పొందూరులో పత్తి దువ్వడానికి చేప దవడే పనిముట్టు (రచయిత, ఏడాది, పేజీ). కాబట్టి కూలి లెక్కగట్టేటప్పుడు ఈ పనికీ విడిగా గంటలు వేయాలి." మూలం వివరం ఎక్కడ పెట్టామో చూడండి. రెండో వాక్యం చివర పెడితే మీ ఆలోచన కూడా ఆ రచయిత ఖాతాలో పడిపోతుంది.

ఇంగ్లిషు వ్యాసాన్ని తెలుగులోకి దించి పేరు చెప్పకపోయినా చౌర్యమే. సాఫ్ట్‌వేర్‌కి (కాపీని పట్టే ప్రోగ్రాముకి) దొరకదన్న ధీమా వద్దు, వైవాలో (మౌఖిక పరీక్షలో) రెండు ప్రశ్నలు చాలు. యూనికోడ్ కాని పాత 'అను' (Anu) ఫాంట్లలో టైపు చేసిన తెలుగు సాఫ్ట్‌వేర్‌కి అర్థంలేని అక్షరాల్లా కనిపించవచ్చు. అప్పుడు వచ్చే సున్నా శాతాన్ని చూసి మురిసిపోకండి. యూనికోడ్‌లోకి మార్చాకే చెక్ చేయించండి.

ఇంకొకరి థీసిస్‌లో కనిపించిన పాత గ్రంథాన్ని మీరే చదివినట్టు చూపించడమూ తప్పే. చదివింది థీసిస్ కాబట్టి, దాని ద్వారా తీసుకున్నామని రాయండి. ఉద్దానం ఊళ్లలో సేకరించిన ఇంటర్వ్యూలకైతే తేదీ, ఊరు అప్పటికప్పుడే నోట్ చేసుకోవాలి.

థీసిస్‌ల విషయంలో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 నిబంధనల లెక్క ఇది: ఇతరుల రాతలతో పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. అది దాటి 40 దాకా ఉంటే గడువులోగా, గరిష్ఠంగా 6 నెలల్లో, సరిదిద్ది ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాదిపాటు మళ్లీ సమర్పించనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. వరసగా 14 మాటల దాకా మినహాయింపు అందరికీ తెలిసిన విషయాలకూ, యాదృచ్ఛికంగా కలిసిన మాటలకూ మాత్రమే. పదమూడేసి మాటలు ఎత్తుకోవడానికి లైసెన్సు కాదది.

సబ్మిషన్‌కి కనీసం పది రోజుల ముందు లైబ్రరీలో ఆ సాఫ్ట్‌వేర్‌తో పోలికల రిపోర్టు తీయించండి. రిఫరెన్సుల జాబితా లెక్కలోంచి తీసేశారో లేదో అడగండి. తర్వాత శాతాన్ని వదిలేసి, రిపోర్టులో పోలిక ఉందని రంగు పడిన ప్రతి వాక్యం దగ్గరా ఆగండి. మెథడాలజీలో చిన్నచిన్న పోలికలు పది ఉన్నా ఫరవాలేదు. చర్చ అధ్యాయంలో ఒక పేరా మొత్తానికి రంగు పడితే మాత్రం ఆ పేరా కొట్టేసి, నీలం నోట్సు చూసి కొత్తగా రాయండి.