ఇథనాల్ కలిసిన ఇంధనపు చుక్క వేడిగాలిలో ఎలా ఆవిరవుతుందో కొలవడం ఎలా

మిశ్రమ ఇంధనం చుక్క ఎంత వేగంగా ఆవిరైందో ఒకే ఒక్క అంకెలో రాసి రికార్డు ఇచ్చేయకండి. విజయనగరంలో బీటెక్ చేస్తున్నప్పుడు నేను అదే చేశాను. గ్రాఫ్‌లో ఒకచోట వంపు వస్తే రీడింగ్ తప్పనుకుని, దాని మీదుగా స్కేలు పెట్టి తిన్నగా గీత గీసేశాను. అసలు చూడాల్సింది ఆ వంపునే.

ఒకే ద్రవం ఉన్న చుక్క విషయంలో సూత్రం తేలిక. చుక్క కాస్త వేడెక్కాక దాని వ్యాసం వర్గం కాలంతో పాటు తిన్నగా తగ్గుతుంది. 1950ల్లో గాడ్‌సేవ్, స్పాల్డింగ్ అనే పరిశోధకులు చూపించిన సంగతి ఇది. అంటే ఒక మిల్లీమీటరు చుక్కకి 10 సెకన్లు పడితే, అదే పరిస్థితిలో 50 మైక్రాన్ల (0.05 మిల్లీమీటర్ల) చుక్కకి 25 మిల్లీసెకన్లే. ఇంజిన్‌లో ఇంధనాన్ని అంత సన్నగా చిమ్మేది అందుకే.

మనం ఇథనాల్, ఎన్-డెకేన్ (ఒకే రకం హైడ్రోకార్బన్ ద్రవం) కలిపి చూద్దాం. మొదటిది 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, రెండోది 174 దగ్గర. ఇంత తేడా ఉంటే వంపు స్పష్టంగా కనిపిస్తుంది, పెట్రోల్‌తో మొదలెడితే అందులోనే బోలెడు రకాలు కాబట్టి ఏదీ తేలదు. ఇథనాల్ నీళ్ళు లేనిదై ఉండాలి. తేమ చేరిందంటే మిశ్రమం తెల్లగా మసకబారి రెండు పొరలవుతుంది, అలా అయితే పారబోసి మళ్ళీ కలపండి.

చుక్కని వేలాడదీయడానికి గాజు కడ్డీని మంట మీద సాగదీసి సన్నని పోగు చేసుకోండి, 0.2 మిల్లీమీటర్ల లోపు ఉంటే మంచిది, కొసన చిన్న పూసలా కట్టనివ్వండి. రాగి తీగ వద్దు, అది బయటి వేడిని చుక్కలోకి మోసుకొస్తుంది. వేడిగాలికి సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో వాడే హాట్ ఎయిర్ గన్ చాలు. కానీ దాని మీద కనిపించే అంకెని నమ్మకండి, చుక్క ఉండే చోట థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) పెట్టి 160 డిగ్రీలు వచ్చేలా సర్దుకోండి. 200 అస్సలు దాటనివ్వొద్దు, డెకేన్ 210 దగ్గర తనంతట తానే అంటుకుంటుంది. సీసాలు మూత పెట్టి గదికి అవతలి పక్కన ఉంచాలి, పోగు చేసిన మంట ఆర్పేశాకే వాటిని ముట్టుకోవాలి, రక్షణ కళ్ళద్దాలు తప్పనిసరి, పక్కన మేడమో సారో ఉండాలి. ఈ విషయంలో మొహమాటం వద్దు.

చుక్క వెనక బటర్ పేపర్, దాని వెనక ఎల్‌ఈడీ బల్బు పెడితే అంచు నల్లగా తేటగా వస్తుంది. ఫోన్‌కి క్లిప్ మాక్రో లెన్స్ తగిలించండి. గన్‌కీ పోగుకీ మధ్య రేకు ముక్క అడ్డం పెట్టి, ముందు వీడియో మొదలెట్టి, అప్పుడు ఇన్సులిన్ సిరంజి కొసతో చుక్క తాకించి, వెంటనే రేకు లాగేయండి. ఆలస్యం చేస్తే ఇథనాల్ అప్పటికే కొంత ఎగిరిపోయి మీరు కలిపిన పాళ్ళు మారిపోతాయి.

తర్వాత ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేములు తెరిచి చుక్క వెడల్పు, ఎత్తు కొలవండి. పోగు మందం ముందే స్క్రూగేజ్‌తో కొలిచి ఉంచుకుంటే అదే మీ స్కేలు. వెడల్పుని రెండుసార్లు, ఎత్తుని ఒకసారి గుణించి ఘనమూలం తీస్తే వ్యాసం వస్తుంది. దాని వర్గాన్ని కాలంతో గ్రాఫ్ గీయండి. ముందు విడివిడిగా రెండు ద్రవాలకీ, ఆ తర్వాత 20 శాతం, 50 శాతం ఇథనాల్ మిశ్రమాలకీ.

మిశ్రమంలో ముందు ఎక్కువగా ఇథనాలే పోతుంది, గీత ఏటవాలుగా దిగుతుంది. ఆ సమయంలో చుక్క చల్లగానే ఉంటుంది, కూజాలో నీళ్ళు చల్లబడినట్టే, వచ్చిన వేడంతా ఆవిరికే ఖర్చవుతుంది. పైపొరలో ఇథనాల్ తగ్గాక చుక్క వేడెక్కడం మొదలవుతుంది, గీత వాలు అక్కడ తగ్గుతుంది, అదే ఆ వంపు. ఆ తర్వాత డెకేన్ వంతు. ఐతే లోపలి ఇథనాల్ పైకి రావడం చాలా నెమ్మది, ద్రవంలో పదార్థం కంటే వేడి ఎన్నో రెట్లు త్వరగా పాకుతుంది, కాబట్టి కొంత ఇథనాల్ నడిమధ్య చిక్కుకుపోతుంది. ఇంకో సంగతి, ఇథనాల్ అణువులకి డెకేన్‌తో పొసగదు, అందుకే ఉన్న పాళ్ళని బట్టి మనం అనుకునేదానికంటే గట్టిగా ఆవిరవుతుంది.

మన విజయనగరం వైపు మరీ జాగ్రత్త పడాల్సింది తేమ గురించి. శ్రావణంలో ఉతికిన బట్టలు ఆరని గాలినే గన్ లాగి వేడి చేస్తోంది, వేడెక్కినంత మాత్రాన అందులోని నీటి ఆవిరి ఎక్కడికీ పోదు. చల్లబడిన ఇథనాల్ చుక్క ఆ నీటిని తనలోకి లాక్కోగలదు, అప్పుడు శుద్ధ ఇథనాల్ గీత కూడా చివర్లో వంగుతుంది, ఎందుకంటే ఆఖరున మిగిలేది చాలావరకు నీళ్ళే. సంక్రాంతి ముందు పొడి రోజుల్లో ఒకసారి తీసి రెండూ పక్కపక్కన పెట్టండి. ఏ రోజు తీసినా గది ఉష్ణోగ్రత, తేమ రాయడం మర్చిపోవద్దు.

ఒక్కోసారి చుక్క హఠాత్తుగా ఉబ్బి కాస్త చిమ్ముతుంది. చిక్కుకున్న ఇథనాల్ లోపలే మరిగి బుడగ కట్టిందన్నమాట. ఆ రీడింగ్ కొట్టేయకండి, స్లో మోషన్‌లో మళ్ళీ తీసి బుడగ ఎక్కడ పుట్టిందో చూడండి. పోగుని అంటుకుని పుడితే అలాగే రాయండి, పోగు లేకుండా గాలిలో తేలే చుక్క అంత సులువుగా మరగదు.